ఎదుటి పక్షం కామరాజు గారు

లాయరు కామరాజు గారికి లోకంలో నలుగురికీ ఉండే అలవాట్లేవీ లేవు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, మధ్యాహ్నం కునుకు లేదు. ఉన్నది ఒక్కటే. ఎవరు ఏ గోడుతో తన గడప తొక్కినా ముందు ఎదుటివాడి తరఫున వాదిస్తారు. అదీ ఏదో మాటవరసకి కాదు. వచ్చినవాడు 'నిజమే సుమా, తప్పంతా నాదే' అనుకుని, చెప్పులెక్కడ విడిచాడో కూడా మర్చిపోయి ఇంటికి వెళ్లిపోయేటంత గట్టిగా.

ఈ సంగతి ఆయన గుమాస్తా సింహాద్రికి మొదటి రోజే తెలిసింది. సింహాద్రిది భీమిలి దారిలో సముద్రం ఒడ్డునున్న గెడ్డపాలెం. పదో తరగతి లెక్కల్లో తప్పి, కొన్నాళ్లు పడవ ఇంజన్లు బాగుచేసి, ఇరవై ఆరేళ్ల కిందట గుమాస్తాగా చేరాడు. చట్టం అతనికి ఎవరూ నేర్పలేదు. ఫైళ్లు కుడుతూ, కుట్టినవి చదువుతూ తనే నేర్చుకున్నాడు. మాటలు చెప్పేవాళ్లంటే అతనికి ఒళ్లు మంట. ఎంత తియ్యగా బతిమాలినా పడవ ఇంజను స్టార్టవదు, బిగించాల్సిన నట్టు బిగించాలి అనేది అతని సిద్ధాంతం. అలాంటివాడు పొద్దస్తమానం మాట్లాడే మనిషి దగ్గర ఇరవై ఆరేళ్లు ఎలా ఉన్నాడంటే, ఆ మాటలు బిగించే పద్ధతి చూసి నోరు తెరిచి, ఇప్పటిదాకా మూయలేదు గనక.

మహారాణిపేట సందులో ఆఫీసు. పొడవాటి బల్ల. ఇటు కొసన ఆయన కుర్చీ, అటు కొసన ఒక చెక్క స్టూలు. క్లయింటు గోడు సగంలో ఉండగా ఆయన లేచి వెళ్లి ఆ స్టూలు మీద కూర్చునేవారు. అంతే, ఇక ఆయన ఎదుటి పక్షం. ఆయన లేవడం చూడగానే సింహాద్రి క్లయింటు ముందు గ్లాసుడు మంచినీళ్లు పెట్టేవాడు. మనిషి కాస్త నీరసంగా కనిపిస్తే రెండు గ్లాసులు.

ఒకసారి పోర్టులో పనిచేసి రిటైరైన జగ్గయ్య వచ్చాడు. పక్కింటివాడు గోడ జరిపి కట్టాడని ఫిర్యాదు.

"రెండడుగులు తినీసినాడు బాబూ."

కామరాజు గారు లేచారు. సింహాద్రి నీళ్లు పెట్టాడు.

"ఏవండీ జగ్గయ్య గారూ, ఆయన గోడ కడుతుంటే మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే ఉన్నాను."

"ఎన్ని రోజులు కట్టాడు?"

"పదకొండు."

"పదకొండు రోజులూ అరుగు మీద కూర్చుని చూశారు. ఎండలో పనిచేస్తున్నారని కూలీలకి మంచినీళ్లిచ్చారా, లేదా?"

"ఇచ్చినాను బాబూ. పాపం కదేటి."

"టీ?"

జగ్గయ్య తల దించుకున్నాడు. "రెండుసార్లు."

"దగ్గరుండి టీలిచ్చి మరీ కట్టించుకున్న గోడని, ఇప్పుడు కూల్చెయ్యమంటే కోర్టు ఏమంటుందండీ? మీ బుర్ర బాగానే ఉందా అంటుంది!"

జగ్గయ్య నీళ్లు తాగకుండానే లేచాడు. గేటు దాటిపోతుంటే సింహాద్రి పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. "ఎల్లిపోతారేటి బాబూ? ఇంకా అవ్వనేదు. ఇది ఇంటర్వెల్లే."

లోపలికి తీసుకొచ్చేసరికి కామరాజు గారు తన కుర్చీలో కూర్చుని కన్నతండ్రిలా నవ్వుతున్నారు. "రండి, కూర్చోండి. ఇప్పుడు మన పక్షం చూద్దాం."

కోర్టులో అవతలి లాయరు వీరేంద్ర. సూటూ బూటూ, పన్నీరు జల్లినట్టుండే గొంతూ. అతను సరిగ్గా ఆ టీ దగ్గరికే వచ్చాడు. జగ్గయ్య బోనులో నిటారుగా నిలబడి, "ఇచ్చినాను. కూలోలకిచ్చినాను, గోడకివ్వనేదు" అన్నాడు. జడ్జి గారు నవ్వు దాచుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఆ గోడ రెండడుగులు వెనక్కి వెళ్లింది.

ఇలా వీరేంద్ర పట్టుకొచ్చిన బాణాలన్నీ అప్పటికే మహారాణిపేటలో ఒకసారి తగిలి, మాని, మచ్చలు పడినవై ఉండేవి. ఒక కేసులో అయితే కామరాజు గారు జడ్జి ఎదుటే వీరేంద్ర వాదన మొత్తం, వీరేంద్ర మర్చిపోయిన రెండు పాయింట్లతో సహా చెప్పి, ఆ తర్వాత ఒక్కొక్కటే కొట్టేశారు. జడ్జి గారు ఇటు తిరిగి, "మీరేమైనా చెబుతారా?" అంటే వీరేంద్ర లేచి, "నా తరఫున ఆయన బాగానే చెప్పారండీ" అని కూర్చున్నాడు. ఆ రోజు సింహాద్రి ఫైలు కుట్టిన దారం ముడి రెండుసార్లు వేశాడు. భక్తి ఎక్కువైతే అతనికి చేతులు అలా పోతాయి.

ఇంట్లోనూ ఇదే వరస. కామరాజు గారి భార్య తాయారు గారు. ఆమె వంకాయ వండుతానంటే ఆయన బీరకాయ తరఫున వకాల్తా పుచ్చుకునేవారు. కాపురానికొచ్చిన నెలకల్లా ఆమె కిటుకు పట్టేసింది. వంకాయ తినాలనుంటే పొద్దున్నే వంటింట్లోంచి, "ఇవాళ బీరకాయేనండీ, ఇంక మాట్లాడకండి" అని కేకేసేది. ఆయన వంకాయ గొప్పతనం మీద పది నిమిషాలు వాదించి, గెలిచి, గర్వంగా భోజనానికి కూర్చునేవారు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయనే గెలుస్తున్నారు. ఆమెకి కావలసిన కూరే ఉడుకుతోంది.

అసలు పెళ్లిచూపుల్లోనే ఆయన తన మీద తనే కేసు వేసుకున్నారట. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేను పని చేసిన తండ్రికి ఒక్కడే కొడుకు. లాయరుగా అప్పటికి వయసు రెండేళ్లు. పిల్ల తండ్రి ముందు కూర్చుని, "నాకు మీ అమ్మాయినెందుకు ఇవ్వకూడదంటే" అని మొదలెట్టి, లేని ప్రాక్టీసు, ఉన్న కోపం, క్వార్టర్సులో ఒకే గది అన్నీ వరసగా విప్పారు. పెద్దాయన కండువా దులుపుకుని లేవబోతుంటే తలుపు వెనకనుంచి తాయారు గారి గొంతు వినబడింది. "నాన్నగారూ, ఇన్ని లోపాలు ముందే చెప్పేసిన మనిషి రేపు దాచడానికి ఇంకేం మిగిలింది?" ఆ వాదన విని పెద్దాయన మళ్లీ కూర్చున్నారు. ముహూర్తం పెట్టేశారు.

ఇలాంటి మనిషిని ఎమ్మెల్యేగా నిలబడమని పార్టీవాళ్లు వచ్చారు. ఆయన నేరుగా స్టూలెక్కారు. కామరాజు అనేవాడు అసెంబ్లీకి ఎందుకు పనికిరాడో నలభై నిమిషాలు రుజువులతో చెప్పారు. వచ్చినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ బయటికి నడిచి, గేటు దగ్గర ఆగి, "ఇతన్ని మనం తీసుకోకపోతే అవతలివాళ్లు తీసుకుపోతారు. అప్పుడు మన గతేంటి?" అనుకుని, తిరిగొచ్చి టికెట్టు చేతిలో పెట్టారు.

అవతలి పార్టీ నుంచి నిలబడింది ఎవరు? వీరేంద్రే. కామరాజు గారు తన మొదటి సభలోనే మైకు పుచ్చుకుని, "అయ్యా, అమ్మా, ఈ కామరాజుకి మీరు ఓటెందుకు వెయ్యకూడదో ముందు చెబుతాను" అన్నారు. స్టేజీ మీదున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. వీరేంద్ర మనుషులు ఆ ముక్క మాత్రం రికార్డు చేసుకుని, నాలుగు ఆటోలకి మైకులు కట్టి, మధురవాడ నుంచి సముద్రం దాకా వారం రోజులు తిప్పారు. సందు సందునా కామరాజు గారి గొంతే. జనం, "ఏటి, ఈ పెద్దమనిషి తన తప్పులు తనే సెప్పుకుంటన్నాడు! ఇలాటోడిని ఎక్కడైనా సూసినావేటి బావా?" అనుకున్నారు. వీరేంద్ర తన సొంత డీజిలు తగలేసి కామరాజు గారిని పదకొండు వందల ఓట్లతో గెలిపించాడు.

అసెంబ్లీలో మాత్రం ఈ విద్య ఎదురు తిరిగింది. తన నియోజకవర్గంలో ఒక వంతెన కావాలని అడగడానికి ఆయనకి రెండు నిమిషాలిచ్చారు. "అధ్యక్షా, ఈ వంతెన ఎందుకు అక్కర్లేదో ముందు మనవి చేస్తాను" అన్నారు. ఆ అక్కర్లేకపోవడం పూర్తయ్యేసరికి రెండు నిమిషాలూ అయిపోయి మైకు ఆగిపోయింది. మర్నాడు పేపర్లలో 'సొంత వంతెనకే అడ్డుపడ్డ ఎమ్మెల్యే' అని వేశారు. ఆ వంతెనని మళ్లీ పట్టాలెక్కించడానికి పదమూడు నెలలు పట్టింది.

గెడ్డపాలెం గొడవ ఆ తర్వాత వచ్చింది.

గెడ్డపాలెంలో ఊరికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక నేల ఉంది. వేట నుంచి పడవలు రాగానే ఆడవాళ్లు నెత్తళ్లనే చిన్న చేపలు, రొయ్యపొట్టు అక్కడే ఎండబోస్తారు. దాన్ని కళ్లం అంటారు. అరవై ఒక్క మంది ఆడవాళ్ల బతుకు ఆ ఇసుక మీదే. నేల సర్కారుది. పక్కన రిసార్టు కడుతున్న ఒక కంపెనీ, కార్లు నిలపడానికి ఆ కళ్లం కావాలని అడిగింది. బదులుగా అర మైలు లోపల, సరుగుడు తోట వెనక, సిమెంటు గచ్చు కట్టిస్తామంది. పదిరోజుల్లో ఊళ్లోనే సభ పెట్టి జనం ఏమంటారో వింటామని అధికారులు నోటీసు అంటించారు.

కళ్లం ఆడవాళ్లకి పెద్ద చిలకమ్మ. సింహాద్రికి స్వయానా అత్త. పిల్లనిచ్చిన నాటినుంచి అల్లుణ్ణి 'బాబూ' అని పిలుస్తూనే కోర్టు బంట్రోతు కన్నా హీనంగా చూసే మనిషి. ఆమె ఎనిమిది మందిని వెంటేసుకుని మహారాణిపేట ఆఫీసుకొచ్చింది.

"ఓట్లేసినాం బాబూ. ఇప్పుడు మా కళ్లం కాపాడాల."

కామరాజు గారు లేచి స్టూలు దగ్గరికి నడిచారు. సింహాద్రి తొమ్మిది గ్లాసులు పెట్టాడు.

"మీ కళ్లం అంటున్నావు చిలకమ్మా, పట్టా ఏదీ?"

"మా అత్త, వాలత్త కాలం నుంచీ అక్కడే ఎండబెడతన్నాం."

"మీ అత్తకి పట్టా ఉందా? వాళ్ల అత్తకి ఉందా? లేదు. అంటే మూడు తరాలుగా సర్కారు భూమిలో ఊరికే ఉన్నారన్నమాట. ఖాళీ చెయ్యమనడానికి అంతకన్నా కారణమేం కావాలి?"

"ఇదేటి బాబూ, మీరే ఇలగంటే..."

"సిమెంటు గచ్చు కట్టిస్తామంటున్నారు కదా, ఇసుక మీదే దొర్లుతామని మంకుపట్టు దేనికి? మీ వాసనకి టూరిస్టులు ముక్కు మూసుకుని పారిపోతున్నారు, తెలుసా?"

ఒకామె ఏడుపు లంకించుకుంది. ఇంకొకామె శాపనార్థాలు పెట్టింది. చిలకమ్మ మాత్రం గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టి, "మీకు ఓటేసిన సెయ్యి ఇరగ్గొట్టుకోవాల" అని లేచిపోయింది. కామరాజు గారు వెనకనుంచి, "రేపు పదిగంటలకి రండి, జవాబులతో!" అని అరిచారు.

సింహాద్రి ధైర్యంగానే ఉన్నాడు. ఇంటర్వెల్లు సంగతి అతనికి కొత్తా? రేపు ఆయన తన కుర్చీలోకొచ్చి, 'ఇప్పుడు మన పక్షం చూద్దాం' అంటారు. అంతే కదా.

ఆయన అనలేదు. రెండో రోజూ స్టూలే. మూడో రోజూ స్టూలే. "రిసార్టులో మీ పిల్లలకి ఉద్యోగాలిస్తారట, వద్దా? ఏడాదిలో వేట నిషేధం పోగా, వానలు పోగా మీరు కళ్లం వాడేదెన్నాళ్లు? మిగతా రోజులు కార్లు పెడితే మీకు నొప్పా?" ఏ రోజుకా రోజు ప్రశ్నలు పదునెక్కుతున్నాయి. ఆడవాళ్లు కూడా ఏడవడం మానేశారు. కోపంతో ఊరికెళ్లి, కళ్లంలో కూర్చుని జవాబులు వెతికి, మర్నాడు పంతం కొద్దీ వచ్చి ఆయన మొహాన కొడుతున్నారు. ఆయన వాటినీ చీల్చి పారేస్తున్నారు. బల్లకి ఇటు పక్క ఆయన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంటోంది.

నాలుగో రోజు సింహాద్రి ఇంట్లో భార్య పళ్లెం పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయింది. అయిదో రోజు చిలకమ్మ బస్టాపులో పట్టుకుంది.

"నీ లాయరు అమ్ముడుపోనాడు బాబూ. ఇరవై ఆరేళ్లు ఆ మనిషి ఫైళ్లు కుట్టినావు. కళ్లు కూడా కుట్టీసుకున్నావేటి?"

"బాబు అలాటోరు కాదత్తా. ఇంకా ఆయన పచ్చం మొదలవ్వనేదు."

"ఎప్పుడు మొదలవుతాది? మా కళ్లంలో కార్లెట్టీసిన తరవాతేటి?"

ఆరో రోజు సింహాద్రి ఫైలు తీసుకుని గది గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. కామరాజు గారు ఫోనులో పార్టీ పెద్దలతో మాట్లాడుతున్నారు. "లేదండీ... వంతెన అప్పుడు జరిగింది వేరు... గెడ్డపాలెం సభలో నా నోటి నుంచి ఒక్క ముక్క రాదండీ. మాటిచ్చాను."

ఇరవై ఆరేళ్లలో సింహాద్రి ఆయన ఇచ్చిన మాట తప్పడం ఒక్కసారి కూడా చూడలేదు. అదే ఇప్పుడు కొంప ముంచింది. అలవాటు లేని పనే అయినా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"మన పచ్చం ఎప్పుడు మొదలెడతారు బాబూ?"

కామరాజు గారు ఖాళీ కుర్చీ వంక చూశారు. "ఈసారి ఆ కుర్చీ నాది కాదయ్యా" అన్నారు. సింహాద్రికి ఇంకేం మిగల్లేదు. సభ అయిపోయిన మర్నాడే పని మానేసి మళ్లీ ఇంజన్లు చూసుకుందామని నిశ్చయించుకున్నాడు. ఎనిమిదో రోజు ఆడవాళ్లు వచ్చినప్పుడు మంచినీళ్లు కూడా పెట్టలేదు. కావలసిన నీళ్లు వాళ్లే కుండలోంచి ముంచుకుని తాగి, ఏమాత్రం తడబడకుండా ఆయనతో పోట్లాడి వెళ్లారు.

సభ కళ్లం పక్కనే, షామియానా కింద. అధికారిణి చిన్న వయసు మనిషి, చేతిలో నోటుబుక్కు. కంపెనీ తరఫున లాయరు వీరేంద్ర, తెర మీద రంగురంగుల బొమ్మలు. వేదిక మీద ఒక పక్క ఎమ్మెల్యే కామరాజు గారు, మెడలో దండ, మూసిన నోరు. సింహాద్రి గుంజకి ఆనుకుని ఆయన వైపు చూడకుండా నిలబడ్డాడు.

వీరేంద్ర అరగంట మాట్లాడాడు. అయ్యాక అధికారిణి, "ఈ ఊరివాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?" అంది. అందరూ కామరాజు గారి వంక చూశారు. ఆయన దండలో పువ్వులు లెక్కపెట్టుకుంటున్నారు.

చిలకమ్మ లేచింది. మైకు ఇవ్వబోతే, "నాకెందుకది? సముద్రం మీద మొగుణ్ణి పిల్సిన గొంతు" అంది.

"అమ్మా, ఈ స్థలానికి మీకు పట్టా ఉందా?" అని అడిగింది అధికారిణి.

"నేదమ్మా. సముద్రానికీ నేదు. పట్టా ఉంటే మాదనే అంటాం. నేదు కాబట్టే, మా పని సూసి ఉండనియ్యమని అడుగుతన్నాం. ఇంకోటి, అక్కడ సిమెంటు గచ్చు కడితే ఎందుకెల్లరంటే, సరుగుడు తోట ఎనకమాల గాలాడదు. నెత్తళ్లు పడవ దిగిన కాడినుంచి గాలి తగలాల. అర మైలు మోసుకెల్లేసరికి సేప పొట్ట పగిలిపోద్ది. వాసనంటారా, ఇక్కడ వచ్చేది ఎండిన సేప వాసన. అక్కడికి మారిస్తే కుళ్లిన సేప వాసన వత్తాది, మీ టూరిస్టులు సుకంగా ఆ కంపు పీల్సుకోవచ్చు. ఉజ్జోగాలంటారా, అరవై ఒక్క మందికి ఇత్తామని కాయితం మీద రాసినారేటి? నేదు. తెర మీద బొమ్మలో ఉన్నాది. వానాకాలం కాళీగా ఉంటాది కదా అంటే..."

"అమ్మా, అమ్మా, ఆగండి! నేనింకా ఒక్కటే అడిగాను."

"మిగతాయి కూడా అడుగుతారమ్మా. మొత్తం తొమ్మిది. నాకు వరస తెలుసు."

షామియానా అంతా గొల్లుమంది. అధికారిణి నెమ్మదిగా తల తిప్పి వేదిక మీదున్న ఎమ్మెల్యే గారి వంక చూసింది. ఆయన ఇంకా శ్రద్ధగా పువ్వులు లెక్కపెడుతున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఎనిమిది రోజులూ బల్లకి ఇటు పక్క ఖాళీగా ఉన్న కుర్చీ ఎవరి కోసమో సింహాద్రికి అప్పుడు తట్టింది. 'ఓరి నాయనోయ్' అనుకున్నాడు. వల కట్టినవాడు దాన్ని సముద్రంలోకి పంపే ముందు కాలు తన్నిపట్టి, ముడి ముడీ తెగేలా లాగి చూస్తాడు. తెగితే ఒడ్డునే తెగాలి. ఈ పని వల కట్టే ఊళ్లో పుట్టినవాడికి తెలిసుండాలి. ఇరవై ఆరేళ్లు కళ్లెదుట చూస్తూ కూడా తెలియలేదు.

కానీ వీరేంద్ర తక్కువవాడు కాదు. నవ్వుతూ లేచాడు. "చిలకమ్మా, తొమ్మిదింటికీ బాగా చెప్పావు. పదోది అడగనా? నువ్వు పోతే ఈ పని ఎవరు చేస్తారు? నీ కూతురు చేస్తుందా? పదేళ్లు పోతే ఈ కళ్లంలో మనుషులే ఉండరు. ఖాళీ ఇసుక కోసమా ఈ పోట్లాట?"

ఈ ప్రశ్న ఎనిమిది రోజుల్లో రాలేదు. సింహాద్రి కామరాజు గారి వంక చూశాడు. ఆయన చేతులు దండని పిసికేస్తున్నాయి, పెదవులు కదులుతున్నాయి. ఆ జవాబు ఆయన గొంతు దాకా వచ్చిందని సింహాద్రికి తెలుసు. మాటిచ్చారని కూడా తెలుసు. కన్నబిడ్డ బావిగట్టు మీద నడుస్తుంటే కేక వెయ్యడానికి లేని తండ్రిలా కూర్చున్నారు ఆయన.

చిలకమ్మ కొంగు బిగించింది.

"నా కూతురు సెయ్యదు బాబూ. అద్గో, గుంజ కాడ నిలబడ్డాడే, ఆ గుమాస్తాకిచ్చినాను. టౌనులో ఉంటాది. ఎండుసేప తింటాది గాని ఎండబెట్టదు." జనం నవ్వి సింహాద్రి వంక చూశారు. "నా కూతురు సెయ్యకపోతే పక్కింటి కోడలు సేత్తాది. ఆ మూల నిలబడిందే, మొన్న వైశాకంలో కాపరానికొచ్చింది. దానికి ఈ ఇసుక తప్ప ఇంకో పని తెల్దు. పదేళ్లకి ఇక్కడెవలుంటారో నాకు తెల్దని ఒప్పుకుంటన్నాను. మీ రిసార్టుకి పదేళ్లకి ఎవలొత్తారో మీకు తెలుసేటి బాబూ? మీదీ నాదీ రెండూ తెలీని లెక్కలే. ఇయ్యాల ఎంతమంది ఉన్నారో అది మాత్తరం తెలిసిన లెక్క. లేవండే!"

అరవై మంది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. అధికారిణి నోటుబుక్కు పట్టుకుని దిగొచ్చి ఒక్కొక్కరి పేరూ వయసూ రాసుకోవడం మొదలెట్టింది. వీరేంద్ర కూర్చుంటూ కామరాజు గారి చెవిలో, "ఎన్నాళ్లు పట్టింది?" అని అడిగాడు. ఆయన వేళ్లు ఎనిమిది చూపించారు. నోరు తెరవలేదు.

చివర్లో అధికారిణి, "ఎమ్మెల్యే గారి అభిప్రాయం?" అంది మర్యాదగా. కామరాజు గారు లేచి, చేతులు జోడించి, కూర్చున్నారు. పార్టీకిచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో సింహాద్రి ఉండబట్టలేకపోయాడు.

"ముందే సెప్పొచ్చు కదేటి బాబూ? మా ఆడది అయిదారు రోజులు నాతో మాటాడనేదు."

"చెబితే మీ అత్త నామీద జాలిపడేదయ్యా. జాలిపడి, మెత్తగా జవాబిచ్చేది. నేను మాట్లాడి ఉంటే 'ఎమ్మెల్యే అభ్యంతరం చెప్పాడు' అని ఒక వాక్యం రాసి ఫైలు కట్టేసేవారు. ఇప్పుడు అరవై ఒక్క పేర్లున్నాయి అందులో."

ఇంటి దగ్గర తాయారు గారు ఇంకో సంగతి చెప్పింది. "ఈ ఎనిమిది రోజులూ ఏడిపించి పంపించేశానని రాత్రిళ్లు అన్నం ముట్టలేదు సింహాద్రీ. పొద్దున్నే లేచి మళ్లీ కొత్త ప్రశ్నలు రాసుకునేవారు. బీరకాయ అన్నాను, వంకాయ అన్నాను, దేనికీ వాదించలేదు. నాకు భయం వేసిందంటే నమ్ము."

మూడు నెలలకి ఫైలు తిరిగొచ్చింది. కళ్లం కళ్లంగానే ఉంచమని, కార్లు రిసార్టుకి అవతలి పక్క పెట్టుకోమని. ఆ కాగితం చూపించడానికి కామరాజు గారు స్వయంగా గెడ్డపాలెం వెళ్లారు. ఆడవాళ్లు చుట్టూ మూగి దండం పెట్టబోతే ఆయన ఇబ్బంది పడి, కూర్చోవడానికి అటూ ఇటూ చూసి, బోర్లించిన చేపల తట్ట మీద కూర్చున్నారు. కూర్చోగానే పాత జబ్బు తిరగబెట్టింది.

"నాకెందుకు దండం పెట్టకూడదో చెబుతాను వినండి. ఒకటి, సభలో నేను నోరు విప్పలేదు."

"విప్పితే మేం మాటాడేవోలం కాదు" అంది చిలకమ్మ, నెత్తళ్లు తిరగేస్తూ.

"రెండు, పార్టీకి భయపడ్డాను."

"మాటిచ్చినారు, నిలబడ్డారు. భయానికీ మాటకీ తేడా మాకు తెల్దేటి?"

"మూడు, మీ అందరినీ ఏడిపించాను."

"ఒక్కనాడే ఏడ్సినాం. ఏడు రోజులు మిమ్మల్ని తిట్టినాం. దానికి మేం దండం ఎట్టాల, మీరు కాదు."

కామరాజు గారు నాలుగోది వెతుక్కున్నారు. అయిదోదీ వెతుక్కున్నారు. సింహాద్రి తన ఉద్యోగంలో మొదటిసారి అటు వెళ్లి, ఆయన ముందు గ్లాసుడు మంచినీళ్లు పెట్టాడు. ఆయన గటగటా తాగేసి, లేచి, చిలకమ్మ పెట్టిన నెత్తళ్ల పొట్లం చంకలో పెట్టుకుని కారెక్కారు. మొహం చూస్తే లాటరీ తగిలినవాడిలా ఉన్నారు.

"ఓడిపోయానయ్యా సింహాద్రీ, చిత్తుగా! అప్పీలుకి వెళ్దామంటావా?"

"మా అత్త తీర్పు మీద అప్పీలు నేదు బాబూ" అన్నాడు సింహాద్రి, కారు తలుపు వేస్తూ. "నాను పదిహేడేళ్లుగా సూత్తన్నాను."